పోర్ట్‌ఫోలియో సైట్లా, బీసెంట్ రోడ్డు బోర్డులా?

విజయవాడలో కొత్తగా డిజైన్ పని మొదలుపెట్టిన వాళ్లకు తరచూ వచ్చే సందేహం ఇది. ఐడియా కోసం డిజైనర్లు తమ పని పెట్టుకునే బిహాన్స్ లాంటి పోర్ట్‌ఫోలియో సైట్లు చూడాలా, ఊళ్లో తిరిగి షాపుల బోర్డులు, సరుకులు చూడాలా?

ఖర్చు: సైట్లకు ఫోన్ డేటా చాలు. ఊళ్లో అయితే ఆటో చార్జీ, ఒక సాయంత్రం.

శ్రమ: సైట్లో కూర్చున్నచోటే బోలెడంత పని కనిపిస్తుంది. అయితే చివరి బొమ్మ ఒక్కటే చూసి వదిలేయకండి. వద్దనుకున్న స్కెచ్‌లు, ఎందుకు వద్దనుకున్నారో రాసిన రెండు ముక్కలు చదవండి. అసలు సరుకు అక్కడే ఉంటుంది.

రిస్కు: సైట్లతో మొదటి భయం కాపీ. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఐడియాకు రక్షణ లేదు, దాన్ని గీసిన తీరుకు ఉంది. రెండోది మన లిపి. ఇంగ్లిష్‌కి చక్కగా కుదిరిన లేఅవుట్లో ‘రాష్ట్రం’ అని పెట్టి చూడండి. ఒత్తులు కిందికి దిగి తర్వాతి లైను గుడిని తాకుతాయి. లైన్ల మధ్య ఖాళీ పెంచితే లేఅవుటే మారిపోతుంది. బీసెంట్ రోడ్డులో చేత్తో రాసిన బోర్డు దొరికితే ఆగి, ఒత్తుకు చోటెలా ఇచ్చారో చూడండి. ఈ పాఠం ఇంగ్లిష్ పోర్ట్‌ఫోలియోల్లో దొరకదు.

యాప్ స్క్రీన్లకు, అర్జెంటు పనులకు సైట్లే మేలు. ఒక్కరివి కాకుండా నలుగురివి చూడండి. చీరల షాపు లోగో, పచ్చళ్ల ప్యాకింగ్, తెలుగు పోస్టర్ అయితే ముందు ఊళ్లోకే వెళ్లండి. మంగళగిరి చీర నిజాం అంచును చేత్తో పట్టుకుని చూశాకే ల్యాప్‌టాప్ తెరవండి.