సూర్యారావుపేటలో కొన్న చక్రాల కమోడ్ కుర్చీ: ఏడు నెలల అనుభవం

రెండేళ్ల క్రితం రోడ్డు ప్రమాదంలో నా వెన్నుపాముకు పదో థొరాసిక్ పూస (ఛాతీ వెనుక భాగపు వెన్నుపూస) దగ్గర గాయమైంది. నడక పోయిన సంగతి చూసినవారందరికీ తెలుస్తుంది. మలవిసర్జన మీద అదుపు పోయిన సంగతి ఇంట్లోవాళ్లకు తప్ప తెలియదు. కానీ గవర్నర్‌పేటలో లెక్కలు రాసే ఉద్యోగానికి నన్ను ఏడాదికి పైగా దూరం చేసింది ఆ రెండోదే. ఎప్పుడు బట్టలు పాడవుతాయో తెలియని మనిషి ఆఫీసులో నలుగురి మధ్య ఎలా కూర్చోగలడు?

నాలాగా వెన్నుపాము చివరి భాగం దెబ్బతినకుండా మిగిలినవారికి పురీషనాళంలోని ప్రతిచర్య బతికే ఉంటుందని, మెదడు నుంచి ఆజ్ఞ అందకపోయినా సపోజిటరీతోనో (మలద్వారంలో పెట్టే మందు బిళ్ల), జెల్ రాసిన గ్లవుజు వేలితో లోపలి గోడను 15–20 సెకన్లు మెల్లగా గుండ్రంగా తాకడంతోనో పేగును కదిలించవచ్చని ఫిజియోథెరపిస్టు నేర్పించారు. తిన్న తరువాత పెద్దపేగు సహజంగానే చురుకవుతుంది కాబట్టి ఉదయం ఇడ్లీ తిని వేడి కాఫీ తాగిన అరగంటకు, రోజూ ఒకే వేళకు, ఈ పని మొదలుపెట్టాలన్నారు. అంతవరకు మంచం మీద ఎడమవైపు తిరిగి పడుకుంటే నా భార్యే అంతా చేసేది. ఆమె ఏనాడూ విసుక్కోలేదు గాని, ఆ గంటసేపు నేను గోడవైపే చూస్తూ ఉండేవాణ్ణి. కూర్చుంటే భూమ్యాకర్షణ తోడవుతుంది, చేతులు బాగున్నాయి కాబట్టి నా పని నేనే చేసుకోగలను. ఈ కుర్చీ కొన్నది అందుకే.

ధర 6,800 రూపాయలు. సీటుకు పక్కన చేయి పట్టేంత ఖాళీ ఉండటం దీనిలోని అసలైన గుణం. ముందు చూపించిన రెండు రకాలకు గుండ్రటి రంధ్రం తప్ప చేయి దూర్చే దారి లేదు, వాటితో నాకు ప్రయోజనం లేదు. సీటు మెత్తగా ఉండటం కూడా అంతే ముఖ్యం, ఎందుకంటే స్పర్శ తెలియని చర్మం గట్టి ప్లాస్టిక్ అంచు మీద ఒత్తుకుపోయి పుండు పడినా మనకు తెలియదు. మెత్తటి సీటే అయినా నేను అరగంటకు మించి కూర్చోను, దిగిన తరువాత చేతి అద్దంతో చర్మం చూసుకుంటాను. పాదాల పలకలు పైకి జరుగుతాయి కాబట్టి మోకాళ్లు తుంటికన్నా కాస్త ఎత్తుకు వచ్చి, గొంతుక్కూర్చున్న భంగిమ కొంతవరకు కుదురుతుంది.

లోపాలూ ఉన్నాయి. స్టీలు అని చెప్పి అమ్మిన ఫ్రేముకు మూడో నెలలోనే స్క్రూల దగ్గర తుప్పు పట్టింది. సీటు కుట్టు విడిపోయి లోపలికి నీరు చేరింది. దుకాణంలో అడిగితే, “స్నానానికి కూడా వాడుతున్నారు కదండీ, మరి తడిస్తే అంతే,” అన్నారు. స్నానానికి కూడా పనికొస్తుందని చెప్పి అమ్మినవారే అలా అనడం నాకు చాలా బాధ కలిగించింది. వెనుక చక్రాల బ్రేకులు తడి నేల మీద జారుతున్నాయి, అందువల్ల వీల్‌చైర్ నుంచి దీని మీదికి మారేటప్పుడు పక్కన మనిషి ఉండక తప్పడం లేదు.

కుర్చీ ఒక్కటే అన్నీ చేయదు. వేసవిలో విజయవాడ ఎండకు ఒళ్లు నీరు కోల్పోయి మలం గట్టిపడితే ఎంత మంచి సీటైనా ఉపయోగపడదు. ఇసబ్గోల్ వేసుకుని సరిపడా నీళ్లు తాగకపోతే ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. వెన్నుపాము చివరి నరాలే దెబ్బతిన్నవారికి ప్రతిచర్య ఉండదు, వారు మలాన్ని వేలితో తీయవలసి రావచ్చు, వారి పద్ధతి వేరు. ఆరో థొరాసిక్ పూస దగ్గర గాని, అంతకన్నా పైన గాని గాయమైనవారికి ఈ ప్రక్రియ మధ్యలో హఠాత్తుగా తలనొప్పి, చెమటలు వచ్చి రక్తపోటు ప్రమాదకరంగా పెరగవచ్చు. అలాంటివారు డాక్టరు దగ్గర నేర్చుకోకుండా ఒంటరిగా ప్రయత్నించవద్దని బతిమాలుతున్నాను.

కొనబోయేవారు ముందు బాత్రూము తలుపు వెడల్పును, కమోడ్ ఎత్తును టేపుతో కొలిచి కాగితం మీద రాసుకుని వెళ్లండి. మా తలుపు 24 అంగుళాలు, కుర్చీ 22. దుకాణంలోనే దాని మీద కూర్చుని పక్క ఖాళీలోంచి చేయి అందుతుందో లేదో చూసుకోండి. అక్కడ సిగ్గుపడితే ఇంటికి తెచ్చాక మార్చుకోవడం కష్టం. తుప్పు, బ్రేకుల వల్ల ఐదుకు మూడున్నరే ఇస్తున్నాను గాని, ఆరు నెలలుగా తొమ్మిదిన్నరకల్లా ఆఫీసులో ఉంటున్నాను.