లోపల గడియ పడిన ఫోల్డరు: ఫైల్ లాక్‌స్మిత్‌తో నా అనుభవం

తెనాలిలో మా తమ్ముడికి ఒక ఫొటో స్టూడియో ఉంది. పెళ్లిళ్ల సీజను ముగిశాక, కరిష్మా ఆల్బములు అప్పగించేసిన పెళ్లిళ్ల ఫోల్డర్లను బయటి హార్డ్‌డిస్కులోకి కాపీ చేసి, కంప్యూటర్లో ఉన్నవాటిని తీసివేయడం అక్కడ ఏటా జరిగే పని. ఈసారి ఒక ఫోల్డరు మొండికేసింది. పేరు మార్చబోతే కుదరదంది. తొలగించబోతే, ఆ ఫోల్డరుగానీ అందులోని ఏదో ఫైలుగానీ మరో ప్రోగ్రాములో తెరిచి ఉందని చెప్పింది. ఆ ప్రోగ్రాము ఏదో మాత్రం చెప్పలేదు. తెరిచినవన్నీ మూసేసి, కంప్యూటరును రెండుసార్లు రీస్టార్ట్ చేసి, చివరికి "అన్నయ్యా, డిస్కు ఫార్మాట్ చేసేయమంటావా?" అని తమ్ముడు ఫోన్ చేశాడు. ఆ మాట విన్నాకే, ఫోల్డరును ఏ ప్రోగ్రాము పట్టుకుందో చూపించే ఫైల్ లాక్‌స్మిత్‌ను ఆ కంప్యూటర్లో పెట్టాను. మూడు నెలలుగా వాడుతున్నాం కాబట్టి, అది ఏ పనికి వస్తుందో, ఏ పనికి రాదో ఇప్పుడు చెప్పగలను.

ఇది విడిగా దొరికే ప్రోగ్రాము కాదు. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇస్తున్న పవర్‌టాయ్స్ అనే మూటలో ఒక పనిముట్టు. పవర్‌టాయ్స్ పేరు విండోస్ 95 కాలం నాటిదే అయినా, ఇప్పుడు మనం వాడుతున్నది 2019లో ఓపెన్ సోర్స్‌గా కొత్తగా మొదలుపెట్టినది. ఫైల్ లాక్‌స్మిత్ అందులో 2022లో చేరింది. విండోస్ 10, 11 రెండింటిలోనూ పనిచేస్తుంది.

ఫోల్డరు ఎందుకు కదలదో తెలిస్తేనే దీని విలువ తెలుస్తుంది. ఒక ప్రోగ్రాము ఫైలును తెరిచినప్పుడు విండోస్ దానికి హ్యాండిల్ అనే ఒక పట్టు ఇస్తుంది. తాను వాడుతున్నంతసేపు ఇతరులు ఆ ఫైలును చదవవచ్చా, మార్చవచ్చా, తొలగించవచ్చా అన్నది తెరిచే సమయంలోనే ఆ ప్రోగ్రాము తేల్చి చెబుతుంది. తొలగించడానికి ఒప్పుకోకపోతే, ఆ పట్టు వదిలేదాకా కంప్యూటరు యజమాని అయినా చేయగలిగింది లేదు. ఫోల్డరుకైతే అందులో ఏ ఫైలూ తెరిచి ఉండనక్కరలేదు. ఆదేశాలు టైపు చేసే నల్లటి కమాండ్ ప్రాంప్ట్ కిటికీ ఒకటి ఆ ఫోల్డరులో నిలబడి ఉన్నా చాలు, అది కదలదు. గదిలో ఎవరూ లేరనుకుని తలుపు తోస్తే లోపల గడియ పడి ఉన్నట్టు ఉంటుంది వ్యవహారం. రీస్టార్ట్ చేస్తే చాలాసార్లు సమస్య పోయేది ప్రోగ్రాములతో పాటు వాటి పట్లన్నీ పోతాయి కాబట్టే. కానీ గడియ వేసిన ప్రోగ్రాము కంప్యూటరుతో పాటే మొదలయ్యే రకమైతే, రీస్టార్ట్ పూర్తయ్యేసరికి మళ్లీ లోపలే ఉంటుంది. తమ్ముడి విషయంలో జరిగింది అదే.

వాడకం తేలిక. మొండికేసిన ఫోల్డరు మీద కుడి క్లిక్ చేస్తే వచ్చే జాబితాలో అన్‌లాక్ విత్ ఫైల్ లాక్‌స్మిత్ అనే వరుస ఉంటుంది. దాన్ని నొక్కితే, ఆ ఫోల్డరులోనూ దాని లోపలి ఫోల్డర్లలోనూ ఏ ఫైలును ఏ ప్రోగ్రాము పట్టుకుందో ఒక కిటికీలో చూపిస్తుంది. మాకు రెండు పేర్లు కనిపించాయి. ఒకటి ఫొటోలు చూసే ప్రోగ్రాము. కిటికీ మూసినా వెనకాల నడుస్తూనే ఉంది. రెండోది ఫైళ్లను ఎప్పటికప్పుడు ఆన్‌లైన్‌లోకి పంపే ప్రోగ్రాము. తలంబ్రాల ఫొటో ఒకదాని దగ్గర ఆగిపోయి, కంప్యూటరు లేచిన ప్రతిసారీ అక్కడినుంచే మళ్లీ ప్రయత్నిస్తోంది. మొదటిదాన్ని లాక్‌స్మిత్ కిటికీలోంచే ముగించాం, రెండోదాన్ని దాని సెట్టింగుల్లోకి వెళ్లి ఆపాం. ఆ తరువాత ఫోల్డరు మామూలుగానే తొలగిపోయింది. మొత్తం పదినిమిషాల పని.

ఒక విషయం ముందే తెలుసుకోవాలి. మామూలుగా తెరిచినప్పుడు ఇది అడ్మినిస్ట్రేటర్ హక్కులతో, అంటే కంప్యూటరు మీద పూర్తి అధికారంతో, నడిచే ప్రోగ్రాములను చూపించదు. జాబితా ఖాళీగా వచ్చినా ఫోల్డరు కదలకపోతే, ఆ కిటికీలోనే ఉన్న చిహ్నాన్ని నొక్కి అడ్మినిస్ట్రేటర్‌గా మళ్లీ తెరవాలి. చాలామంది ఖాళీ జాబితా చూసి పనిముట్టు పనిచేయడం లేదనుకుని వదిలేసేది ఇక్కడే.

నాకు అసంతృప్తి కలిగించింది ఎండ్ టాస్క్ బటను. అది ఒక ఫైలు మీది పట్టును మాత్రమే విడిపించదు. ఆ ప్రోగ్రామునే మొత్తంగా చంపేస్తుంది, అందులో సేవ్ చేయని పని ఏదైనా ఉంటే అదీ పోతుంది. ఇంత పని చేసే బటను జాబితాలో ప్రతి పేరు పక్కనా అంత సాదాగా కూర్చుని ఉండడం నాకు నచ్చలేదు. ఒక్క పట్టునే విడిపించే పనిముట్టు లేకపోలేదు: 2006లో మైక్రోసాఫ్ట్ చేతికి వచ్చిన సిస్‌ఇంటర్నల్స్ వారి ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్‌లో ఫోల్డరు పేరుతో వెతికి, ఆ హ్యాండిల్ ఒక్కదాన్నే మూయవచ్చు. అది ఇంకా ప్రమాదకరం. తన పట్టు పోయిందని ప్రోగ్రాముకు తెలియదు. ప్రతి హ్యాండిల్‌కూ ఒక సంఖ్య ఉంటుంది; విండోస్ అదే సంఖ్యను ఆ ప్రోగ్రాము తెరిచే మరో ఫైలుకు ఇస్తే, పాత ఫైలులోకి వెళ్లవలసిన సమాచారం కొత్త ఫైలులోకి వెళ్లే అవకాశం ఉంటుంది. ఆ లెక్కన చూస్తే, మొత్తంగా ముగించే లాక్‌స్మిత్ పద్ధతి మొరటుదే అయినా సురక్షితమైనది. నా అభ్యంతరమల్లా ముందుగా హెచ్చరిక లేకపోవడం గురించే.

ఇక ఇది చేయలేని పనులు. తమ్ముడి దగ్గరే రెండో మొండి ఫోల్డరు ఒకటి ఉంది, పాత కంప్యూటరులోంచి తీసి పెట్టిన డిస్కులోది. దాన్ని తెరవడానికే అనుమతి లేదని వచ్చేది. అక్కడ లోపల గడియ ఏమీ లేదు. బయట తాళం ఉంది, ఆ తాళం ఇప్పుడు లేని పాత యూజరు పేరు మీద ఉంది. ఇలాంటి చోట లాక్‌స్మిత్ జాబితా ఎంతసేపు చూసినా ప్రయోజనం లేదు. అడ్మినిస్ట్రేటర్ హక్కులతో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, టేక్‌ఓన్ అనే ఆదేశంతో ఫోల్డరు యాజమాన్యాన్ని మన పేరుకు మార్చుకుని, ఆపైన ఐక్యాకల్స్ ఆదేశంతో పూర్తి అనుమతి ఇచ్చుకోవాలి. సొంత ఫొటోల ఫోల్డరుకు ఇలా చేయడంలో తప్పు లేదు గానీ, విండోస్ ఫోల్డరు మీద ఈ ప్రయోగం చేయవద్దు.

పేరే చిక్కు తెచ్చే ఫోల్డర్లూ ఉంటాయి. విండోస్ కాకుండా లినక్స్ అనే మరో వ్యవస్థతో నడిచే కంప్యూటరులోంచి వచ్చిన ఫోల్డరు పేరు చివర చుక్కో ఖాళీయో ఉంటే, కళ్లెదుట ఉన్నదాన్నే విండోస్ దొరకలేదంటుంది. కాన్, ఆక్స్, నల్ వంటి పేర్లు విండోస్‌కు ముందటి డాస్ కాలం నుంచి పరికరాలకు కేటాయించినవి కాబట్టి ఆ పేర్లతో వచ్చినవీ ఇలాగే చిక్కుకుంటాయి. వీటిని తొలగించాలంటే కమాండ్ ప్రాంప్ట్‌లో ఆర్‌డీ ఆదేశం ఇస్తూ, చిరునామాకు ముందు రెండు బ్యాక్‌స్లాష్‌లు, ఒక ప్రశ్నార్థకం, మరో బ్యాక్‌స్లాష్ చేర్చాలి. అప్పుడు విండోస్ పేరును తనకు తోచినట్టు సవరించకుండా ఉన్నదున్నట్టు తీసుకుంటుంది. 260 అక్షరాల హద్దు దాటిన పొడవైన చిరునామాలకూ ఇదే మార్గం.

స్టూడియోల్లోనూ డీటీపీ సెంటర్లలోనూ తరచుగా ఎదురయ్యే మరో సందర్భం, నెట్‌వర్కులో పంచుకున్న ఫోల్డరును పక్క కంప్యూటరు తెరిచి ఉంచడం. అప్పుడు ఈ కంప్యూటరులో పట్టు విండోస్‌కే చెందిన సిస్టమ్ అనే ప్రోగ్రాము పేరు మీద ఉంటుంది, దాన్ని ముగించే వీలు లేదు. కంప్యూటర్ మేనేజ్‌మెంట్‌లోని షేర్డ్ ఫోల్డర్స్ విభాగంలో ఓపెన్ ఫైల్స్ చూస్తే ఏ యూజరు ఏది తెరిచారో తెలుస్తుంది. లేదా లేచి వెళ్లి పక్క టేబుల్ దగ్గర అడగవచ్చు, అదే త్వరగా తేలుతుంది.

ఏడాదికి ఒకసారి మాత్రమే ఈ చిక్కు వచ్చేవారు దీనికోసం ఇంత పెద్ద మూటను దించుకోనవసరం లేదు. విండోస్‌తో పాటే వచ్చే రిసోర్స్ మానిటర్‌లో సీపీయూ పేజీలోకి వెళ్లి, అసోసియేటెడ్ హ్యాండిల్స్ పెట్టెలో ఫోల్డరు పేరు టైపు చేస్తే పట్టుకున్న ప్రోగ్రాము పేరు అక్కడా కనిపిస్తుంది. అన్‌లాకర్ల పేరుతో ఎక్కడపడితే అక్కడ దొరికేవాటి జోలికి మాత్రం వెళ్లకండి; వాటిలో కొన్ని, అడగని ప్రోగ్రాములను వెంటబెట్టుకొస్తాయి. తరచూ వందల ఫోల్డర్లు సర్దుకోవలసిన వారికి లాక్‌స్మిత్ మంచి ఎంపిక, పైసా ఖర్చు లేనిది కూడా. పవర్‌టాయ్స్‌లోని మిగతా పనిముట్లలో, ఫొటోల సైజు ఒకేసారి తగ్గించే ఇమేజ్ రీసైజర్‌ను ఉంచి, తక్కినవన్నీ ఆపేశాను.

ఎండ్ టాస్క్ నొక్కే ముందు నాకొకసారి ఫోన్ చేయమని తమ్ముడికి చెప్పాను. ఇప్పటికి రెండుసార్లు చేశాడు. రెండోసారి ఫోల్డరును పట్టుకుని కూర్చున్నది, ఇంకా సేవ్ చేయని ఆల్బము డిజైను.