మా వీధికొచ్చిన నీటి శుద్ధి బండి: మిషన్ బాగుంది, క్లోరిన్ మాత్రం అడిగి వేయించుకోండి

పైపులైను పనులతో కుళాయి నీళ్లు ఆగిపోతే వైజాగ్ లాసన్స్ బే కాలనీలో మా అపార్ట్‌మెంట్ వాళ్లం నీటి శుద్ధి బండిని అద్దెకు తెప్పించుకున్నాం. ట్యాంకర్‌లా ఎక్కడినుంచో నీళ్లు మోసుకురాదు ఇది, మన బోరు నీళ్లనే తోడి అక్కడికక్కడే తాగే నీళ్లు చేసి ఇస్తుంది. సొంత జనరేటర్ ఉంది కాబట్టి కరెంటు పోయినా ఆగదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక మోటార్లు ఆడక వైజాగ్ ఎలా అల్లాడిందో చూసినవాళ్లకి ఆ జనరేటర్ విలువ తెలుస్తుంది.

లోపల ఇసుక ఫిల్టరు, కార్బన్, ఆర్వో (కరిగిన ఉప్పుని కూడా ఆపే పొర), చివర్లో క్రిముల్ని చంపే యూవీ దీపం. సముద్రం పక్కన మా బోరు ఉప్పన, ఆర్వో తప్పదు. మీ నీళ్లు ఉప్పగా లేకుండా ఊరికే బురదగా ఉంటే అల్ట్రాఫిల్ట్రేషన్ బండి చాలు, అది బురదనీ బాక్టీరియానీ ఆపుతుంది గానీ కరిగిన ఉప్పుని ఆపలేదు. ఆర్వో వదిలేసే నీళ్లన్నీ మా కాలవలో పోశారు, అది అన్యాయం, డ్రమ్ములకి పట్టిస్తే ఫ్లష్‌లకి వాడుకునేవాళ్లం.

అసలు గొడవ క్లోరిన్ దగ్గర. బండి అబ్బాయి టీడీఎస్ మీటరు ముంచి చూపించాడు, నంబరు తక్కువే ఉంది, అందరూ సంతోషంగా బిందెలు పెట్టేశారు. ఆ మీటరు చెప్పేది కరిగిన లవణాల సంగతి మాత్రమే (లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలని మన ప్రమాణం), క్రిములున్నాయో లేదో దానికి తెలీదండీ! యూవీ కింద నుంచి వెళ్లేటప్పుడు క్రిములు చస్తాయి, నిజమే, కానీ ఆ తర్వాత గొట్టం నేల మీద పడినా, ఎవరైనా బిందెలో చెయ్యి ముంచినా కాపాడేది ఏమీ ఉండదు, అందుకే లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. బండిలో క్లోరిన్ పంపు ఉంది, దాని డబ్బా ఖాళీ. గట్టిగా అడిగితే మందు తెప్పించి పోశారు. అరగంట ఆగి టెస్టు చుక్కలు వేస్తే లేత పసుపు రంగు వచ్చింది, అంటే క్లోరిన్ మిగిలి ఉన్నట్టే, అప్పుడు గానీ పిల్లలకి పట్టలేదు.

నీళ్ల రుచి బాగుంది, టైముకి వచ్చారు, మాటతీరూ మర్యాదగానే ఉంది. మళ్లీ అవసరమైతే వీళ్లనే పిలుస్తాను. కాకపోతే రేటు మాట్లాడేటప్పుడే క్లోరిన్ టెస్టు మన ముందు చెయ్యాలని, గొట్టం నేలకి తగలకుండా స్టాండు తేవాలని ఒప్పించుకోవాలి.