ఒక్క ‘లేదా’ తప్పిన జేబు పుస్తకం

నరసరావుపేట కోర్టు ఎదుట ఇరవై రెండేళ్లుగా పిటిషన్లు టైపు చేసి బతుకుతున్నాను. మొదట టైపు మిషను, ఇప్పుడు కంప్యూటర్. పాత శిక్షాస్మృతి సెక్షన్లు నా వేళ్లకు కంఠస్థం. ప్లీడరు గుమాస్తా ‘దొంగతనం, అక్కా’ అంటే చాలు, 379 దానంతట అదే పడేది. 2024 జులై 1న దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి రావడంతో ఆ వేళ్లకు మతి పోయింది. 511 సెక్షన్లు 358 అయ్యాయి. మొదటి వారంలోనే ఒక హత్య కేసు బెయిలు పిటిషన్లో అలవాటు కొద్దీ 302 కొట్టేశాను. హత్య ఇప్పుడు 103. కొత్త 302 మత భావాలను నొప్పించే మాటలకు సంబంధించినది! గుమాస్తా చూశాడు కాబట్టి పరువు దక్కింది. పోనీ పాతవి మరిచిపోదామా అంటే, ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు ఇప్పటికీ అవే వర్తిస్తాయి.

అందుకే 395 రూపాయలు పెట్టి కొత్త చట్టం సెక్షన్లు, శిక్షలు ఉన్న ఈ తెలుగు జేబు పుస్తకం కొన్నాను. ప్రచురణ సంస్థ పేరు చెప్పను. తప్పులు చూపిస్తూ వారికి ఉత్తరం రాశాను, జవాబు ఇంకా రాలేదు.

ముందు మంచి మాటలు. చివర ఉన్న పోలిక పట్టిక పాత నంబరు నుంచి కొత్తదానికి, కొత్తదాని నుంచి పాతదానికి రెండు వైపులా ఉంది. నా పని సగం తగ్గింది. కక్షిదారులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ‘జరిమానా కట్టకపోతే ఎన్నాళ్లు లోపల ఉండాలమ్మా?’ అని. జరిమానాతోనో సమాజ సేవతోనో పోయే నేరాలకు 8వ సెక్షను కింద జవాబు చక్కగా గడులు గీసి ఇచ్చారు: 5,000 వరకు జరిమానా అయితే రెండు నెలలు, 10,000 వరకు నాలుగు, ఆపైన ఏడాది మించకూడదు. పాత చట్టంలో ఈ లెక్క 50 రూపాయలు, 100 రూపాయల దగ్గర ఆగిపోయి ఉండేది. తాగి వీధిలో గొడవ చేసినవాడికి పాత జరిమానా పది రూపాయలే. ఇప్పుడు వెయ్యి, లేదా 24 గంటల ఖైదు, లేదా రెండూ, లేదా సమాజ సేవ. 5,000 రూపాయల లోపు దొంగతనం మొదటిసారి చేసి, సొత్తు తిరిగి ఇచ్చినవాడికీ ఈ సమాజ సేవే. అది ఎన్ని గంటలో చట్టం చెప్పలేదని పుస్తకం నిజాయతీగా రాసింది. అందుకు అర మార్కు ఎక్కువ వేశాను.

ఇక 106వ సెక్షను. నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన కేసులు. పాత 304-ఎ కింద రెండేళ్ల వరకు ఖైదు, లేదా జరిమానా, లేదా రెండూ. కొత్త 106(1)లో ఖైదు అయిదేళ్ల వరకు పెరిగింది. అంతకంటే పెద్ద మార్పు, జరిమానా ముందున్న ‘లేదా’ పోయి ‘జరిమానాకు కూడా పాత్రుడగును’ అని వచ్చింది. జరిమానా ఒక్కదానితో సరిపెట్టే దారి సెక్షనులో లేదు. ఈ పుస్తకం అయిదేళ్లను సరిగ్గానే అచ్చు వేసి, పక్కన పాత ‘లేదా జరిమానా’ను అలాగే ఉంచేసింది!

మా వీధిలో ఆటో నడిపే కుర్రాడి మీద ఇదే సెక్షను కింద కేసు ఉంది. నా బల్ల మీద ఈ పుస్తకం తిరగేసి ‘జరిమానా చాలంట కదా పిన్నీ, నేరం ఒప్పేసుకుని కట్టి వచ్చేస్తాను’ అన్నాడు. ముఖం వెలిగిపోయింది. గుండె ఆగినంత పనైంది నాకు. ఇంగ్లీషు ప్రతి తెరిచి చూపించి, నేరుగా ప్లీడరు గారి దగ్గరకు పంపాను. శిక్షల పుస్తకంలో కామా పోయినా సర్దుకుంటాను కానీ, ‘లేదా’, ‘మరియు’, ‘తక్కువ కాకుండా’ అనే మాటలు పోతే అది ఎవడో ఒకడి ఏడాదో రెండేళ్లో. దొంగతనం రెండోసారి రుజువైతే ఏడాదికి తక్కువ కాని కఠిన ఖైదు ఉండాలి. ఇందులో ఆ ‘తక్కువ కాని’ కూడా లేదు, ‘అయిదేళ్ల వరకు’ అని మాత్రమే ఉంది.

106(2)ది మరో కథ. ఢీకొట్టి, చెప్పకుండా పారిపోతే పదేళ్ల వరకు శిక్ష అనే ఆ ఉపసెక్షనును, లారీ డ్రైవర్ల ఆందోళన తర్వాత, కేంద్రం అమల్లోకి తీసుకురాకుండా పక్కన పెట్టింది. పుస్తకంలో దాని ఊసే లేదు.

బైండింగు సంగతి ఒక్క మాటలో: మూడు నెలలకే 303 ఉన్న పేజీ చేతికి వచ్చింది. దొంగతనం సెక్షను కదా, జారుకుంది.

అయిదుకు రెండున్నర. ఎర్ర పెన్నుతో దిద్దుకుని నా ప్రతిని వాడుతున్నాను. మీరు కొనదలిస్తే అంగడిలోనే 106వ సెక్షను ఉన్న పేజీ తెరిచి చూడండి. జరిమానా ముందు ‘లేదా’ కనిపిస్తే తిరిగి అరలో పెట్టేయండి.