టీవీ అద్దెకా, సొంతానికా?

ఖర్చు: అద్దెకైతే డిపాజిట్, నెలనెలా కిరాయి. ఏళ్లు గడిచేకొద్దీ అది కొన్న ధరనూ దాటిపోతుంది. కొంటే ఒకేసారి భారం. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీలపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గడం ఊరటే.

రిపేరు: మన విశాఖలో అసలు చూడాల్సింది ఇదే. బీచ్ రోడ్డు వైపు కిటికీలు తీసి ఉంచే ఇళ్లలో ఉప్పుగాలికి టీవీ వెనక స్క్రూలు తుప్పు పడతాయి, సాకెట్లు చిలుము పడతాయి. సొంతదైతే ఆ టెన్షన్ మీదే. తుప్పుకు వారంటీ వర్తించకపోవచ్చు. అద్దెదైతే రిపేరు ఎవరిదో ఒప్పందంలో చూసుకోండి.

టెక్నాలజీ: టీవీకి గేమ్ బాక్సు, సెట్‌టాప్ బాక్సు లాంటివి కలిపే సాకెట్ హెచ్‌డీఎంఐ. దాని 2.0 రకంలో 4కే (చాలా స్పష్టమైన) బొమ్మ మామూలుగా సెకనుకు 60 ఫ్రేములే, 2.1లో 120 దాకా. గేములాడేవాళ్లకే ఈ తేడా. సీరియళ్లకు అక్కర్లేదు.

మధురవాడలో ఏడాది ఉద్యోగమా? అద్దెకు తీసుకోండి. గాజువాకలో సొంతిల్లా? నిశ్చింతగా కొనండి.