అవుట్ అనేశాక మాట మార్చొచ్చా? వదిలెయ్యడం, అడగడం, కెమెరా... ఏది మేలు?

మొన్న సంక్రాంతికి మా మేనల్లుడు అమెరికా నుంచి వస్తూ చాక్లెట్లతో పాటు రెండు బేస్‌బాల్ బ్యాట్లు, తొమ్మిది గ్లోవులు సూట్‌కేసులో కుక్కుకొచ్చాడండి. కనుమ మర్నాడు మా ఊరి హైస్కూల్ గ్రౌండ్‌లో ఆట పెట్టాం. అమలాపురం చుట్టుపక్కల ప్రతి ఊళ్ళోనూ పండగకి క్రికెట్ టోర్నమెంటే, మాది మాత్రం ఈసారి బేస్‌బాల్, చూడ్డానికి పక్క ఊరోళ్ళు కూడా వచ్చారు, సగం మందికి ఏం జరుగుతుందో అర్థం కాలేదు అది వేరే సంగతి. నాకు క్రికెట్ అంపైరింగ్ అలవాటు కదా అని ఫస్ట్ బేస్ దగ్గర నిలబెట్టారు, బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ వెనకాల మా బాబాయ్, రిటైరైన పీఈటీ.

ఫస్ట్ బేస్ అంపైర్ పని వినడానికి తేలిక. బ్యాటర్ కొట్టి పరిగెడతాడు, అతని కాలు బేస్‌ని తాకేలోపు బాల్ అక్కడున్న ఫీల్డర్ గ్లోవులో పడిపోతే అవుట్, ఫీల్డర్ కాలు బేస్ మీద ఉండాలి అంతే. మన రనౌట్‌లో బెయిల్స్ పడగొట్టే పని లేకపోతే ఎలా ఉంటుందో అలా. కానీ రెండూ ఒకేసారి చూడలేం కదా, అందుకే కళ్ళు కాలి మీద పెట్టి చెవులు గ్లోవు మీద పెట్టాలి, బాల్ పడ్డ టప్ శబ్దం ముందొచ్చిందా కాలు ముందు పడిందా అని. ఇక్కడేమో నా వెనకాల పాతిక గజాల్లో డీజే బాక్సు. టప్ లేదు గిప్ లేదు. బాల్ గ్లోవులోకి వెళ్ళడం చూసి చెయ్యి ఎత్తేశా, అది గ్లోవులో నిలవకుండా జారి కింద పడింది, ఫీల్డర్ ఒళ్ళు అడ్డం రావడంతో నాకు కనపడలేదు. బాబాయ్‌కి కనపడింది. నేను అడగలేదు కాబట్టి ఆయన చెప్పలేదు, పరువు పోతుందని నేను అడగలేదు.

అక్కడితో ఆగినా బావుండేది. రెండు ఇన్నింగ్స్ పోయాక అదే టీమ్ వాడు శుభ్రంగా అవుటైతే రెండు చేతులూ చాపి సేఫ్, అంటే నాటౌట్, అన్నా, సరిపోతుందిలే అని. అప్పటిదాకా ఒక టీమే తిడుతోంది, ఆ తర్వాత రెండూ మొదలెట్టాయి! ఈ బాకీ తీర్చే పద్ధతి గురించి ఎక్కువ మాట్లాడక్కర్లేదు, ఒక తప్పుకి ఇంకో తప్పు కలిపితే రెండు తప్పులవుతాయి తప్ప సున్నా అవ్వదు, పైగా మొదటిది కనపడక జరిగింది, రెండోది కావాలని చేసింది. పోటీలోంచి దీన్ని తీసేస్తున్నా.

రాత్రి అరుగు మీద పూతరేకులు తింటూ మేనల్లుడు, బాబాయ్, నేను దీని మీదే పడ్డాం. బాబాయ్‌ది పాతకాలం మాట, "ఒరేయ్, అంపైర్ నోట్లోంచి వచ్చాక అది అంతే, తప్పైనా ఒప్పైనా" అని. నిజానికి బేస్‌బాల్ రూల్ కూడా చాలాకాలం అదే, అంపైర్ తన కంటితో చూసి చెప్పిన తీర్పు ఫైనల్, దాని మీద ఆటగాడు గొడవ పెట్టకూడదు. ఆట ఆగదు, ప్రతి బాల్‌కీ పంచాయితీ ఉండదు, ఇవి దీని లాభాలు. నష్టం ఎంత ఉంటుందో తెలియాలంటే 2010 జూన్ 2న డెట్రాయిట్‌లో జరిగింది చూడాలి. అక్కడి టైగర్స్ టీమ్ పిచ్చర్, అంటే బాల్ వేసేవాడు, అర్మాండో గలరాగా వరసగా 26 మందిని అవుట్ చేశాడు, ఒక్కణ్ణి కూడా బేస్ ఎక్కనివ్వలేదు, 27వ వాడు కూడా అవుటైతే పర్ఫెక్ట్ గేమ్, వందేళ్ళ పైబడిన చరిత్రలో అప్పటికి అలాంటివి 20 మాత్రమే. ఆ 27వ వాడు జేసన్ డొనాల్డ్ ఫస్ట్ బేస్‌కి పరిగెత్తాడు, బాల్ ముందొచ్చింది, స్పష్టంగా అవుట్, అంపైర్ జిమ్ జాయిస్ సేఫ్ అన్నాడు. అప్పట్లో రీప్లే హోమ్ రన్‌లకి, అంటే మన సిక్సర్ లాంటివాటికి, మాత్రమే ఉండేది, అదీ 2008 ఆగస్టు చివర్లోనే మొదలైంది. గలరాగా ఓ చిన్న నవ్వు నవ్వి వెళ్ళి తర్వాతి వాణ్ణి అవుట్ చేసుకున్నాడు. మ్యాచ్ అయ్యాక వీడియో చూసి జాయిస్ తప్పు నాదేనని ఒప్పుకుని, గలరాగాని కలిసి ఏడ్చేశాడు. మర్నాడు హోమ్ ప్లేట్ దగ్గర అంపైర్ మళ్ళీ జాయిసే, ఆటగాళ్ళ పేర్లున్న లైనప్ కాగితం ఇవ్వడానికి గలరాగానే వచ్చాడు, కళ్ళు తుడుచుకుంటూ తీసుకున్నాడు జాయిస్. లీగ్ కమిషనర్ బడ్ సెలిగ్ మాత్రం రికార్డు మార్చలేదు.

బాబాయ్ ఇది విని "చూశావా, మనుషులు పెద్దవాళ్ళయ్యారు" అన్నారు. నిజమే, ఇద్దరూ పెద్దమనుషులే, నాకూ గొంతు పట్టేసింది. కానీ వాళ్ళ మంచితనాన్ని ఆ పద్ధతి ఖాతాలో రాయకూడదు కదండీ. అన్ని చోట్లా అలా ముగియదు కూడా. 1985 వరల్డ్ సిరీస్, అంటే అమెరికా లీగ్ ఫైనల్, ఆరో మ్యాచ్‌లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ 1-0తో ముందుంది, తొమ్మిదో ఇన్నింగ్స్, అవుటవ్వాల్సిన హోర్హే ఓర్టాని అంపైర్ డాన్ డెంకింగర్ సేఫ్ అన్నాడు, కాన్సాస్ సిటీ రాయల్స్ 2-1తో గెలిచింది, ఏడో మ్యాచ్ 11-0తో కొట్టి కప్పు పట్టుకుపోయింది. డెంకింగర్‌కి చంపుతామని ఉత్తరాలొచ్చాయి. వదిలెయ్యడంలో ఆటగాడికే కాదు, అంపైర్‌కీ దిక్కు లేదు.

ఇక రెండోది, తోటి అంపైర్లని అడగడం. నా ఓటు దీనికే, ముందే చెప్పేస్తున్నా. అమెరికా పెద్ద లీగ్‌లో నలుగురు అంపైర్లు ఉంటారు, ఒకడికి కనపడనిది ఇంకొకడికి కనపడుతుంది. కానీ రూల్‌లో ఒక మెలిక ఉంది, తీర్పు చెప్పిన అంపైర్ అడిగితేనే మిగతావాళ్ళు నోరు విప్పాలి, వాళ్ళంతట వాళ్ళు వచ్చి మార్చకూడదు. మొదట్లో నాకిది పిచ్చి రూల్ అనిపించింది, తర్వాత ఆలోచిస్తే కరెక్టే, లేకపోతే నలుగురూ నాలుగు చేతులెత్తుతారు. అయినా అడగడం కొత్తేం కాదు, బ్యాటర్ బ్యాట్ సగం ఊపి ఆపేశాడా పూర్తిగా తిప్పాడా అన్నప్పుడు ప్లేట్ అంపైర్ వేలు చూపించి బేస్ అంపైర్‌ని అడుగుతాడు, ఎవ్వడి పరువూ పోదు. అది రోజూ అడిగేవాళ్ళం దీనికి అడగడానికి ఏం రోగం?

అయితే మార్చాక ఎవర్ని ఎక్కడ నిలబెట్టాలన్నది అసలు తలనొప్పి. కొట్టిన బాల్ గీత లోపల పడితే ఫెయిర్, బయట పడితే ఫౌల్. ఫెయిర్ అని చెప్పి తర్వాత ఫౌల్ అని మారిస్తే ఇబ్బందే లేదు, అందరూ ఎక్కడివాళ్ళక్కడికి వెనక్కి వెళ్ళిపోతారు. ఫౌల్ అని అరిచి తర్వాత కాదు ఫెయిరే అన్నామనుకోండి, అప్పటికే ఫీల్డర్లు నడక మొదలెట్టారు, రన్నర్లు ఆగిపోయారు, ఆగకపోతే ఎంతదూరం వెళ్ళేవాళ్ళో ఎవడు చెప్తాడు. మన కాలవ మీద లస్కరు వంతు లెక్క తప్పి రాత్రి తూము మూసేశాడనుకోండి, పొద్దున్నే తెలుసుకుని ఎత్తొచ్చు, కానీ ఆ రాత్రి శివారు చేలకి వెళ్ళాల్సిన నీళ్ళు వెళ్ళవుగా, అలాంటిదే ఇది. 2014లో పెద్ద లీగ్ రీప్లేని బాగా పెంచినప్పుడు కూడా ఫెయిర్-ఫౌల్ సంగతి అవుట్‌ఫీల్డ్‌లో పడ్డ బాల్స్‌కే ఇచ్చారు, బేస్‌లకి దగ్గర్లో పడ్డవాటికి ఇవ్వలేదు. అందుకే గీత పక్కన పడ్డ బాల్‌కి నోరు కాస్త లేటుగా తెరవడం మంచిది, గొంతు దాచుకుంటే సరిదిద్దే పనే ఉండదు.

మూడోది మేనల్లుడి పార్టీ, వీడియో చాలెంజ్. "మావయ్యా, కెమెరా ఉంటే ఇంత గోలేంటి" అంటాడు. మేనేజర్ చాలెంజ్ చేస్తాడు, న్యూయార్క్‌లో కూర్చున్న రీప్లే అంపైర్లు అన్ని కోణాల్లో చూసి చెప్తారు. చాలెంజ్ నెగ్గితే అది మిగులుతుంది, ఓడితే పోతుంది, మన డీఆర్ఎస్ లాగే. తీర్పు తిరగెయ్యాలంటే వీడియోలో తప్పు స్పష్టంగా కనపడాలి, కనపడకపోతే గ్రౌండ్‌లో చెప్పిందే నిలబడుతుంది. డెట్రాయిట్ లాంటిది ఇప్పుడు జరిగితే ఒకట్రెండు నిమిషాల్లో సరి అయిపోతుంది, ఒప్పుకుంటా. నాకు నచ్చనిది ఒకటే, రన్నర్ జారుతూ బేస్ పట్టుకుని లేచేటప్పుడు వెంట్రుకవాసి ఖాళీలో చెయ్యి గాల్లోకి లేస్తుంది, ఫీల్డర్ బాల్ ఉన్న గ్లోవు ఇంకా ఒంటికి ఆనించే ఉంటాడు, స్లో మోషన్‌లో అది దొరికిపోయి అవుట్. తప్పు సరిదిద్దడానికి తెచ్చిన కెమెరా, ఎవడి కంటికీ ఆననిదాన్ని తవ్వి తీస్తోంది.

మెషిన్ సంగతి త్వరగా చెప్పేస్తా, పిచ్చర్ వేసింది బ్యాటర్ ముందున్న ఊహాగీతల లోపలికి వచ్చిందా (స్ట్రైక్), బయటికి పోయిందా (బాల్) అన్నదానికే అది. కొరియా లీగ్‌లో 2024 నుంచి ప్రతి పిచ్‌నీ, అంటే పిచ్చర్ వేసే ప్రతి బంతినీ, మెషినే చెప్తుంది, అంపైర్ చెవిలో విని చెయ్యి ఎత్తుతాడు. అమెరికాలో 2026 నుంచి మధ్యేమార్గం, చెప్పేది మనిషే, టీమ్‌కి రెండు చాలెంజ్‌లు, పిచ్చర్, బ్యాటర్ వెనకాల బాల్ పట్టే క్యాచర్, బ్యాటర్ ముగ్గురిలో ఎవరో ఒకరు వెంటనే టోపీ మీద తట్టి అడగాలి, బయట నుంచి సైగలు పనికిరావు. బ్యాటర్ ఎత్తులో 27 శాతం దగ్గర కింద గీత, 53.5 శాతం దగ్గర పై గీత, వెడల్పు ప్లేట్ అంత, 17 అంగుళాలు. గీతల లెక్కకి మెషినే మేలు, వాదనే లేదు, అందులోనూ కొరియా పద్ధతి కన్నా అమెరికాది నాకు నచ్చింది, కంటికి తెలిసినప్పుడే అడుగుతారు కాబట్టి.

బాబాయ్ మధ్యలో 1980 బొంబాయి టెస్ట్ ఎత్తారు, అంపైర్ అవుటిచ్చేసిన బాబ్ టేలర్‌ని మన కెప్టెన్ గుండప్ప విశ్వనాథ్ వెనక్కి పిలిచాడు, అతను బోథమ్‌తో 171 పరుగులు కలిపాడు, మనం ఓడిపోయాం. గొప్ప విషయమే బాబాయ్, కానీ కోడిపందేల సీజన్లో మా ఊరి కెప్టెన్ల దగ్గర అది ఆశించగలమా చెప్పండి.

ఆయ్, మరి ఏది మేలు? డబ్బున్న స్టేడియానికి కెమెరా ప్లస్ చాలెంజ్, సందేహం లేదు. మా హైస్కూల్ గ్రౌండ్‌కి అడగడమే, అదీ తర్వాతి పిచ్ పడక ముందే, ఒక్క పిచ్ పడిందంటే ఇక ఆ తప్పుని మోసుకు తిరగడమే. ఎవడో ఫోన్లో తీసిన వీడియో తెచ్చి మొహం మీద పెడితే చూడకూడదని కూడా అనుకున్నాం, ఒక టీమ్ వాడి ఫోన్ ఇంకో టీమ్‌కి సాక్ష్యం ఎలా అవుతుంది. బరుల దగ్గర ఎల్ఈడీ స్క్రీన్లు పెడుతున్నారు కదా ఇక్కడా పెడదాం అని ఒకడన్నాడు, దానికి చందా ఎవడిస్తాడో మాత్రం చెప్పలేదు.

వచ్చే పండక్కి కూడా నేనే ఫస్ట్ బేస్ దగ్గర. అనుమానమొస్తే రెండు చేతులూ పైకెత్తి టైమ్ అని బాబాయ్ దగ్గరికి నడుస్తా, టీమ్‌ల వాళ్ళు ఆమడ దూరంలో ఉండాలి. డీజే బాక్సు మూడో బేస్ వైపు పెట్టమని కమిటీ కుర్రాళ్ళకి ఇప్పుడే చెప్పేశా, అటు అంపైర్‌గా నిలబడేవాడు ఎవడో వాడి ఖర్మ.