డెల్టా మట్టిలో ఆడపిల్లల ఫుట్‌బాల్ బూట్లు: ఒక వ్యాయామోపాధ్యాయుడి సమీక్ష

కోనసీమలోని మా ఉన్నత పాఠశాల బాలికల జట్టు కోసం రాజమహేంద్రవరంలోని ఒక క్రీడాసామగ్రి దుకాణంలో కొన్న స్టడ్ బూట్లను (జారకుండా అడుగున స్టడ్లు అనే బొడిపెలు ఉండే బూట్లను) తొలకరి నుంచి దాళ్వా కోతల దాకా పిల్లల చేత వాడించి చూసి ఈ సమీక్ష రాస్తున్నాను. జత ధర వెయ్యి రూపాయలకు కాస్త తక్కువ. పైభాగం కృత్రిమ తోలు, అడుగు భాగం, స్టడ్లు కలిపి ఒకే అచ్చులో పోసిన గట్టి ప్లాస్టిక్. తయారుచేసింది దేశీయ కంపెనీయే. దాని పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే ప్రధానమైన లోపం ఈ ధరలో మన ఊళ్ళలో దొరికే బూట్లన్నింటిలోనూ ఉంది, ఒక్క కంపెనీని వేలెత్తి చూపడం న్యాయం అనిపించుకోదు.

మంచి సంగతులు ముందు చెబుతాను. ఫుట్‌బాల్ బూటును ఏ నేల మీద వాడతామన్నది తెలియకుండా అది మంచిదో కాదో చెప్పలేము. గోదావరి తెచ్చిపోసిన ఒండ్రుమట్టి మాది. వానాకాలంలో ఈ నల్లటి బంకమట్టి కాలిని వదలదు, కాలువలు కట్టేసిన ఎండాకాలంలో అదే మట్టి నెర్రెలు విచ్చి ఇటుకలా గట్టిపడుతుంది. రాజోలు దాటి సముద్రం వైపు వెళితే నేల ఇసుకపరగా మారుతుంది, అక్కడి పాఠశాలలవారికి ఈ బాధ ఉండదు. మా మైదానం పల్లంలో ఉన్నందువల్ల కార్తీకం దాకా నీరు నిలుస్తుంది, అప్పుడప్పుడు సార్వా కోసిన చేను ఎవరైనా ఇస్తే అందులో ఆడిస్తాము. వరి మోళ్ళ మధ్య ఉత్త కాళ్ళతో పరుగెత్తిన పిల్లల పాదాలను చూసినవారెవరూ బూట్లు ఆడంబరమని అనరు.

ఈ నేల మీద ఈ బూటు పట్టు బాగానే ఉన్నదని చెప్పాలి. స్టడ్లు గుండ్రంగా, పొట్టిగా, దూరదూరంగా ఉన్నందువల్ల వాటి మధ్య ఇరుక్కున్న అడుసు ఒక్కసారి గట్టిగా విదిలిస్తే రాలిపోతుంది. ఇదే దుకాణంలో చూడటానికి మరింత సోకుగా, కత్తి అంచుల్లాంటి పొడవాటి స్టడ్లతో ఇంకొక రకం ఉన్నది. దాన్ని కొన్న ఒక అమ్మాయి బూటుకు పావుగంట ఆటలోనే రెండంగుళాల మట్టి పట్టి, ఎత్తుమడమల చెప్పులు తొడుక్కున్నట్లు నడవవలసి వచ్చింది. వేసవిలో నేల గట్టిపడిన తర్వాత మాత్రం గుండ్రటి స్టడ్లు కూడా అరికాలికి ఒత్తుకుంటాయి. లోపలి అట్ట పల్చన, అది వెంటనే మార్చుకోవలసినదే. బజారులో దొరికే మామూలు నురుగు అట్ట కత్తిరించి వేస్తే సగం బాధ తీరింది.

ఇక ప్రధానమైన లోపానికి వస్తాను. ఇది ఆడపిల్ల పాదానికి కుట్టిన బూటు కాదు. దుకాణదారుని అడిగితే ఆయన ఏ సంకోచమూ లేకుండా, "ఆడపిల్లలకని వేరే రాదండీ మాస్టారూ, మగపిల్లలదే చిన్న నంబరు తీసుకోండి" అన్నారు. ఆయన మాటలో అబద్ధం లేదు, ఈ ధరలో సాధారణంగా అమ్మేది అలాగే. కానీ ఆడవారి పాదం మగవారి పాదానికి చిన్న నకలు కాదు. పొడవు సమానంగా ఉన్నప్పుడు కూడా మడమ సన్నగా, దానితో పోల్చితే ముందుభాగం వెడల్పుగా, అరికాలి వంపు ఎక్కువగా ఉండటం సాధారణం. అందువల్ల మా పిల్లల్లో చాలామందికి వేళ్ళ దగ్గర సరిపోయిన బూటు మడమ దగ్గర వదులైంది, మడమకు బిగిసిన బూటు చిటికెన వేలిని నొక్కింది. "మాస్టారూ, పరుగెత్తుతుంటే మడమ జారిపోతోందండీ" అని మొదటి వారంలోనే ఫిర్యాదులు మొదలయ్యాయి. రెండు జతల మేజోళ్ళు తొడిగించడం, లేసులను చివరి కన్నం గుండా వెనక్కి మెలివేసి కట్టించడం వంటి ఉపాయాలతో నెట్టుకొచ్చాము. మేజోళ్ళు రెండయితే మన ఉక్కలో పాదం చెమటకు నాని పొక్కులు లేస్తాయి, అది వేరే తద్దినం.

ఇది పల్లెటూరి పిల్లల సమస్య మాత్రమే అనుకుంటే పొరపాటు. 2017లో కిలిమంజారో పర్వతం మీద మహిళలు ఒక మ్యాచ్ ఆడినప్పుడు, దాన్ని నిర్వహించినవారిలో ఒకరైన లారా యంగ్‌సన్, అక్కడికి వచ్చిన వృత్తి క్రీడాకారిణులు సైతం మగవారి బూట్లో పిల్లల బూట్లో తొడుక్కుని ఉండటం గమనించారు. మహిళల పాదాలకే ప్రత్యేకంగా బూట్లు చేసే సంస్థను ఆమె ఆ తర్వాతనే ప్రారంభించారు. ఐరోపా క్లబ్బుల సంఘం 2023లో అక్కడి అగ్రశ్రేణి మహిళా క్రీడాకారిణులను అడిగితే 82 శాతం మంది బూట్ల వల్ల నొప్పి లేదా అసౌకర్యం కలిగిందని చెప్పారు. అంత పెద్ద జట్లలో, వైద్యులూ శిక్షకులూ వెంట ఉండే ఆటగత్తెల పరిస్థితే అలా ఉంటే, వెయ్యి రూపాయల బూటుతో ఆడే మా పిల్లల మాట వేరే చెప్పనక్కరలేదు.

బూటు గురించి ఇంత తర్కం దేనికని తల్లిదండ్రుల సమావేశంలో ఒక పెద్దాయన నన్ను అడిగారు. "ఆడి ఏం చేస్తారండీ, పదో తరగతి అయ్యాక మానేసేదేగా" అన్నది ఆయన ప్రశ్న. ఆయనకు నేను సౌమ్య గుగులోత్ సంగతి చెప్పాను. నిజామాబాద్ జిల్లాలోని ఒక తండాలో పుట్టి, మొదట పరుగు పందేలలో ఆరితేరి, ఆ వేగాన్ని చూసిన శిక్షకుడి చొరవతో ఫుట్‌బాల్‌లోకి వచ్చిన అమ్మాయి. గోకులం కేరళ జట్టుకు ఆడింది, 2022లో మరో భారత క్రీడాకారిణి జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ జట్టులో చేరింది, తర్వాత ఈస్ట్ బెంగాల్‌కు వచ్చి 2024-25లో ఆ జట్టు దేశంలో మహిళల అగ్రశ్రేణి ఫుట్‌బాల్ పోటీ అయిన ఇండియన్ విమెన్స్ లీగ్ గెలవడంలో పాలుపంచుకుంది. ఆ ఏడాదికి అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపిక చేసింది. తెలుగు నేల మీద పుట్టిన ఆడపిల్ల ఫుట్‌బాల్ ఆడి జీతం తీసుకున్నదని, విమానం ఎక్కి ఐరోపా వెళ్ళి అక్కడి మైదానాల్లో ఆడిందని విన్నప్పుడు మా జట్టు పిల్లల ముఖాల్లో కనిపించిన మార్పు ఏ ఉపన్యాసంతోనూ రాదు.

జీతం మాట కూడా పెద్దాయనకు లెక్కతో సహా చెప్పవలసి వచ్చింది. ఈ లీగ్ 2017 జనవరిలో మొదలైనప్పుడు కొద్ది రోజుల్లో ముగిసే పోటీ. 2023-24లో తొలిసారి జట్లు తమ ఊరిలోనూ ఎదుటివారి ఊరిలోనూ ఆడే పద్ధతి వచ్చింది. ఆ సందర్భంలోనే లీగ్‌లోని ప్రతి క్లబ్బూ కనీసం పదిమంది భారతీయ క్రీడాకారిణులకు ఏటా 3.2 లక్షల రూపాయలకు తగ్గకుండా ఒప్పందం ఇవ్వాలని సమాఖ్య నిర్ణయించింది. మగవారి లీగ్‌తో పోల్చితే ఇది చాలా చిన్న మొత్తం, అందులో దాపరికం లేదు. అంతకుముందు దారి మరీ ఇరుకు. మణిపూర్‌కు చెందిన బాలాదేవి 2020లో స్కాట్లాండ్‌లోని రేంజర్స్ జట్టుతో ఒప్పందం చేసుకునే నాటికి ఆమె వయసు ముప్ఫైకి దగ్గర పడింది, అప్పటికే దేశం తరఫున ఎన్నో ఏళ్ళు ఆడింది. 2022లో పంజాబ్ అమ్మాయి మనీషా కల్యాణ్ సైప్రస్‌లోని అపోలాన్ జట్టు తరఫున ఐరోపా మహిళల ఛాంపియన్స్ లీగ్‌లో ఆడిన తొలి భారతీయురాలైంది, అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్ళే. ఒక తరంలో ఎంత తేడా వచ్చిందో ఈ రెండు వయసులూ చెబుతాయి. 2025 జూలైలో థాయిలాండ్‌ను వాళ్ళ గడ్డ మీదే 2-1 తేడాతో ఓడించి భారత జట్టు ఆసియా కప్పుకు అర్హత సాధించిన రోజున, రెండు గోల్స్ కూడా చేసిన సంగీతా బాస్ఫోర్ పేరు మా పిల్లలు నల్లబల్ల మీద రాసుకున్నారు. పెద్దాయన పూర్తిగా ఒప్పుకున్నారని చెప్పను, మనవరాలి బూట్లకు మాత్రం డబ్బు కట్టారు.

సౌమ్య ఆడేది పక్కవాటున, అంటే అంచుగీత వెంబడి పరుగెత్తి, ఒక్కసారిగా లోపలికి తిరిగి, ఎదుటి రక్షకురాలిని దాటవలసిన స్థానం. ఈ స్థానంలో ఆడాలనుకునే పిల్లకే మడమ జారే బూటు అందరికంటే ఎక్కువ చేటు చేస్తుంది. పాదం ఒకవైపు, బూటు ఒకవైపు తిరిగినప్పుడు ఆ మెలిక చీలమండకో మోకాలికో చేరుతుంది. మోకాలి లోపల ముందువైపున ఎముకలను పట్టి ఉంచే స్నాయువు తెగడం మహిళా ఫుట్‌బాల్‌లో పెద్ద బెడద. మగవారితో పోల్చితే ఆడవారికి ఈ గాయం రెండు మూడు రెట్లు ఎక్కువగా అవుతుందన్నది వైద్యులు తరచుగా చెప్పే మాట. ప్రపంచంలోనే మేటి అనిపించుకున్న స్పెయిన్ క్రీడాకారిణి అలెక్సియా పుతెయాస్‌కు 2022 జూలైలో ఐరోపా పోటీలకు సరిగ్గా ముందు ఈ స్నాయువే తెగి, మళ్ళీ మైదానంలో అడుగుపెట్టడానికి దాదాపు పది నెలలు పట్టింది. కారణాలలో కండరాల బలం, దూకి దిగే తీరు, శరీర నిర్మాణం, విశ్రాంతి లేని ఆట వంటివి ఎన్నో ఉన్నాయి, బూటు ఒక్కదానినే నిందించడం శాస్త్రం కాదు. అయినా నేలలో లోతుగా దిగబడి కాలిని తిరగనివ్వని పొడవాటి కత్తి స్టడ్లను ఎదిగే పిల్లలకు కొనవద్దని నేను గట్టిగా చెబుతాను. ఈ విషయంలో మేము కొన్న గుండ్రటి స్టడ్ల బూటే మేలు.

మహిళల కోసమే చేసిన బూట్లు లేకపోలేదు. నైకీ కంపెనీ 2023లో ఫాంటమ్ లూనా అనే రకాన్ని మహిళల పాదాల కొలతలతో, కాలు సులువుగా తిరగడానికి గుండ్రంగా అమర్చిన స్టడ్లతో విడుదల చేసింది. దాని మేలు రకం ధరకు మా జట్టులో సగం మందికి బూట్లు వస్తాయి. స్తోమత ఉన్న తల్లిదండ్రులకు కూడా పదో తరగతి లోపు పిల్లలకు దాన్ని నేను సిఫారసు చేయను, ఏడాది తిరిగేసరికి పాదం ఒక నంబరు పెరిగిపోయే వయసది. ఇంటర్మీడియట్ దాటి, రాష్ట్ర జట్టులో స్థానం దొరికి, ఆటనే వృత్తిగా ఎంచుకునే అమ్మాయికి మాత్రం ఆ ఖర్చు పుస్తకాల ఖర్చు వంటిదే.

మన్నిక మధ్యరకం. కుట్టు లేకుండా జిగురుతో అతికించిన అడుగు కావడంతో శ్రావణ భాద్రపదాల్లో నిత్యం తడిసి మూడు జతలకు బొటనవేలి దగ్గర నోరు తెరుచుకున్నది. బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే ఆయన చుట్టూ దారం వేసి కుట్టిన తర్వాత అవే బూట్లు ఏడాది చివరిదాకా నిలిచాయి. కాబట్టి కొత్తవి కొన్న రోజునే ఆ కుట్టు వేయించుకోవడం తెలివైన పని. తడిసిన బూట్లను పొయ్యి దగ్గరో మిట్టమధ్యాహ్నపు ఎండలోనో పెడితే జిగురు ఊడుతుంది, తోలు బిరుసెక్కుతుంది. లోపల పాత పేపరు కుక్కి, వసారాలో గాలికి ఆరవేయాలి, పేపరును పూటకొకసారి మార్చాలి. ముసురు పట్టిన రోజుల్లో రెండు రోజులైనా ఆరవన్నది నిజం, ఆ రోజుల్లో పాఠశాల వరండాలో బంతి లేని కసరత్తులు చేయిస్తాము.

దుకాణం సేవ గురించి కొంత మంచి, కొంత చెడు చెప్పాలి. యజమాని మర్యాదస్తుడు, పిల్లలను కూర్చోబెట్టి రెండు పాదాలకూ తొడిగించి చూశారు, సరిపోని జతలను చెల్లు చీటీ అడగకుండా మార్చి ఇచ్చారు. కానీ ఐదు నంబరు కంటే చిన్నవి నిల్వ ఉంచరు. మా జట్టులో మూడు, నాలుగు నంబర్ల పాదాలే ఎక్కువ. పెద్దది కొని ముందు దూది కుక్కమని అక్కడి పనివాడు ఇచ్చిన సలహా వినకూడనిది, దూది కుక్కిన బూటులో బంతిని వేళ్ళతో అదుపు చేయడం అసాధ్యం. ముందుగా సగం సొమ్ము కడితే చిన్న నంబర్లను తెప్పించి, ఆర్టీసీ కార్గోలో అమలాపురం పంపుతున్నారు, చేరడానికి వారం పది రోజులు పడుతోంది. జోనల్ పోటీల తేదీలు వచ్చాక పరుగెత్తితే అందవు, జూన్‌లో బడి తెరిచిన వెంటనే కొలతలు పంపాలి. కొలత సాయంత్రం ఆట అయిన తర్వాత, ఆడేటప్పుడు తొడిగే మేజోళ్ళతోనే, రెండు పాదాలకూ తీసుకుని పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోవాలి. మడమ నుంచి బొటనవేలి కొసకు ఉన్న పొడవుతో పాటు వేళ్ళ మొదళ్ళ దగ్గరి వెడల్పు కూడా సెంటీమీటర్లలో రాసి పంపితే ఆయన ఉన్న వాటిలో వెడల్పు రకం ఎంచి పంపుతున్నారు.

కృత్రిమ పచ్చిక మైదానాలలో ఎంపిక పోటీలకు వెళ్ళే పిల్లలు ఈ బూట్లను అక్కడ వాడకూడదు. ఆ మైదానాలకు అడుగున చిన్నచిన్న రబ్బరు బొడిపెలు దట్టంగా ఉండే టర్ఫ్ బూట్లు వేరే వస్తాయి, అవి ఇదే దుకాణంలో దాదాపు ఇదే ధరకు దొరుకుతున్నాయి. ప్రతి పిల్లకూ రెండు జతలు కొనే శక్తి మాకు లేదు కనుక, మూడు నుంచి ఐదు నంబరు దాకా ఒక్కొక్కటి చొప్పున టర్ఫ్ బూట్లు పాఠశాల పేరుతో కొని బీరువాలో ఉంచాము, ఎంపికకు వెళ్ళే అమ్మాయి సంతకం పెట్టి తీసుకువెళ్ళి, కడిగి ఆరబెట్టి తిరిగి ఇస్తుంది.